చెంపలో దాచిన మాత్రలు

నేను కోతలు కోస్తానని మా వృద్ధుల హోములో గోడలకి కూడా తెలుసు. అందులో నాకు సిగ్గేమీ లేదు. చిన్నప్పుడు గాలివానకి మా బడి పైకప్పు లేచిపోతే, దాని దూలం పట్టుకుని వేలాడుతూ మూడు ఊళ్ళు దాటి మరో బడి మీద దిగాననీ, అక్కడి మాస్టారు ఆలస్యంగా వచ్చావని వీపు మీద ఒకటి చరిచి మరీ హాజరు వేశారనీ చెబుతాను. వినేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు నవ్వుతున్నంతసేపూ నాకు మోకాళ్ళ నొప్పి తెలియదు. అందుకే ఇక్కడ నా పేరు కోతల తాత. ఇప్పుడు రాస్తున్నది మాత్రం కోత కాదు. కాదని ఎలా నమ్మించాలో తెలియక నాలుగు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుని కలం మూత తీసి పెడుతున్నాను.

మా గదిలో ఇద్దరం. కిటికీ వైపు మంచం నాది, తలుపు వైపుది డ్రైవరుది. ముప్ఫై ఏడేళ్ళు బస్సు నడిపిన మనిషి. వరసకి మేం ఒకరికొకరం ఏమీ కాం. అయినా వచ్చిన వారానికే నన్ను బావా అన్నాడు. బావ అయితే ఎంత తిట్టినా పడి ఉండాలి కదా, అదీ అతని లెక్క. సరే, నేనూ బావా అన్నాను. అలా అయితే మీ చెల్లెలు నాకేమవుతుందో చెప్పమని ఒకసారి ఏడిపించాను. మామూలుగా నా మాటకి నాలుగు మాటలు అప్పజెప్పే మనిషి ఆ రోజు దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

తర్వాత అతనే చెప్పాడు. ఒక్కతే చెల్లెలట. ఏదో మాట పట్టింపు వచ్చి, ఆవిడ భర్త పోయినప్పుడు కూడా ఇతను వెళ్ళలేదు. పదకొండేళ్ళయింది. ఇప్పుడావిడ చక్రాల కుర్చీలో ఉంది. అలాంటిది ఇన్నేళ్ళకి, ఒక శనివారం రమ్మని కబురు పెట్టింది. వెళ్ళి రావడానికి హోము వాళ్ళు వ్యాను ఇస్తామన్నారు. ఆ కబురు వచ్చిన రోజు నుంచి రోజుకి రెండుసార్లు గడ్డం గీసుకునేవాడు. శనివారానికి గడ్డం కాదు, చెంపలే మిగలవు బావా అంటే నవ్వాడు.

ఇక నా మాత్రల డబ్బా సంగతి.

నా ఎడమ పిక్క మీద ఒక పుండు ఉండేది. మానుతుంది, మళ్ళీ రేగుతుంది. రేగినప్పుడల్లా డాక్టరమ్మ ఏడు రోజులకి యాంటీబయాటిక్ రాసేది. ఎరుపూ తెలుపూ రంగుల గొట్టం మాత్రలు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. సిస్టరమ్మ ట్రాలీ తోసుకుంటూ వచ్చి, అట్టలోంచి తీసి చిన్న కప్పులో వేసి, నేను మింగేదాకా పక్కనే నిలబడేది. మూడో రోజుకి సలుపు తగ్గేది. నాలుగో రోజు నుంచి నా తెలివి పని మొదలుపెట్టేది. మాత్రని నాలుకతో చెంపలోకి తోసి, నీళ్ళు గటగటా తాగి, నోరు తెరిచి నాలుక చాపి చూపించేవాణ్ణి. ఆవిడ పక్క మంచం దగ్గరికి వెళ్ళగానే చప్పున తీసి, రుమాలుతో అద్ది, కిటికీ అంచున ఆరబెట్టేవాణ్ణి. పైతొడుగు కాస్త ముడతలు పడేది, అంతే. ఆరాక గడ్డం బ్రష్షు పెట్టుకునే రేకు డబ్బాలోకి పోయేది.

ఎందుకంటే, నేను పెరిగిన ఊళ్ళో మందు అంటే బంగారం. నెలకోసారి సైకిలు మీద వచ్చే కాంపౌండరు ఇచ్చిన బిళ్ళల్లో సగం మా అమ్మ కొంగు చివర ముడివేసి దాచేది. జ్వరం తగ్గాక కూడా మందు మింగేవాణ్ణి ఇంట్లో తిండిపోతు అనేవాళ్ళు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

డబ్బా నిండేకొద్దీ నాకు పలుకుబడి పెరిగింది. ముక్కు కారితే రెండు, దగ్గయితే నాలుగు, పంటి పోటుకి నా ఇష్టం. అడిగినవాళ్ళకి లేదనకుండా ఇచ్చాను. చదువుకున్నది ఐదో తరగతి, చేసేది డాక్టరు ఉద్యోగం. చిన్న డాక్టరు అని ఒకళ్ళిద్దరు పిలిచేవాళ్ళు కూడా. వద్దని నేను ఒక్కసారీ అనలేదు.

మా సిస్టరమ్మకి నలభై ఏళ్ళుంటాయి. నన్ను బాబాయ్ అంటుంది. ఆవిడకి చేతులు కడిగించే పిచ్చి. భోజనానికి ముందు, బాత్రూము తర్వాత, పుండు కట్టు ముట్టుకున్నాక, ప్రతిసారీ. గుమ్మం గుమ్మానికీ మందు నీళ్ళ సీసా తగిలించింది. ఇంతలా రుద్దితే అరచేతిలో గీతలు చెరిగిపోయి జాతకం మారిపోతుందమ్మా అనేవాణ్ణి. మారితే మంచిదే బాబాయ్, ముందు రుద్దండి అనేది. ఆవిడ వెనక్కి తిరగగానే నేను కట్టు విప్పి నలుగురికీ పుండు చూపించి, అవే చేతులతో పేకముక్కలు పంచేవాణ్ణి. డ్రైవరుదీ నాదీ ఒకే బాత్రూము, ఒకే మగ్గు.

ఆ శనివారానికి ముందు సోమవారం పొద్దున డ్రైవరు బాత్రూములోంచి పళ్ళు బిగబట్టుకుని వచ్చాడు. ఒంటికి వెళ్తే నిప్పులు పోసినట్టుందన్నాడు. సిస్టరమ్మకి చెబుదామంటే నా చెయ్యి పట్టుకున్నాడు. చెబితే పరీక్షలంటారు, డాక్టరంటారు, శనివారం వ్యాను ఎక్కనివ్వరు. తను మళ్ళీ రాలేదంటే ఇక ఈ జన్మకి చెల్లెలు తన మొహం చూడదు.

"బావా, నీ డబ్బా తియ్యి," అన్నాడు.

తీశాను. ఆరు మాత్రలు ఇచ్చాను. పూటకొకటి చొప్పున మూడు రోజులు. ఏ మాత్ర దేనికో, ఎన్ని రోజులు వేసుకోవాలో నాకు తెలిస్తే కదా? బుధవారం సాయంత్రానికి మంట పోయింది. నన్ను కౌగిలించుకుని, నువ్వు ఐదో తరగతిలో ఆగిపోయి డాక్టర్ల పొట్ట కొట్టకుండా వదిలేశావు బావా అన్నాడు. నేను మురిసిపోయాను. డబ్బాలో ఇంకా తొమ్మిదో పదో ఉన్నాయి. అవీ ఇవ్వొచ్చు. తగ్గిపోయాక మందెందుకని ఇవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం అతనికి చలి పుట్టింది. మంచం కిర్రుకిర్రుమనేంత వణుకు. నా దుప్పటి కూడా కప్పాను. శనివారం తెల్లారేసరికి ఒళ్ళు కాలిపోతోంది. మంచం మీద కూర్చుని గాల్లో స్టీరింగు తిప్పుతూ, దిగేవాళ్ళు ముందుకు రండి, మెట్ల మీద నిలబడకండి అంటున్నాడు. మొదట నన్ను ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. నేనూ ఆటకి, డ్రైవరు గారూ నన్ను చౌరస్తాలో దింపండి అన్నాను. అతను నా వైపు చూసిన చూపులో నేను లేను. అప్పుడు బెల్లు నొక్కాను.

చెల్లెలి దగ్గరికి వెళ్ళాల్సిన వ్యానులోనే అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఎక్కించే ముందు సిస్టరమ్మ నా దగ్గరికి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"బాబాయ్, ఈ వారంలో ఆయన ఏమైనా మందు వేసుకున్నారా? బయటి నుంచి తెప్పించుకున్నవి గాని, ఎవరైనా ఇచ్చినవి గాని? అక్కడి డాక్టరు అడుగుతారు."

"టీ తప్ప ఇంకేం తాగలేదమ్మా," అన్నాను.

ఇన్నేళ్ళలో నేను ఆడిన అబద్ధాలన్నిట్లోకీ ఇదే చిన్నది. అంత తేలిగ్గా ఎప్పుడూ రాలేదు నోట్లోంచి. వ్యాను గేటు దాటగానే గదిలోకి వెళ్ళి డబ్బా బాత్రూము కమోడులో బోర్లించి నీళ్ళు వదిలాను. నాలుగు మాత్రలు పోకుండా పైకి తేలాయి. మళ్ళీ నీళ్ళు వదిలాను. మళ్ళీ తేలాయి. మూడోసారికి పోయాయి.

ఆదివారం ఎవరూ ఏమీ చెప్పలేదు. భోజనాల దగ్గర ఒక కథ చెప్పమన్నారు. గొంతు బాగోలేదన్నాను. సోమవారం పొద్దున సిస్టరమ్మ ఫోనులో మాట్లాడుతుంటే మందుల గది బయట నిలబడి విన్నాను. రెండు రోజులుగా ఇస్తున్న మందు పని చేయడం లేదట. బీపీ పడిపోతోందట. మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పడుతుందో తేల్చే పరీక్ష ఇంకా రాలేదట. ఆవిడ ఆ మందు పేరు రెండుసార్లు పలికింది. ఆ పేరు నాకు తెలుసు. నా మాత్రల అట్ట మీద ఉండేది అదే.

అంటే బుధవారందాకా నేనిచ్చి, పని చెయ్యకుండా మొద్దుబార్చిన మందునే వాళ్ళు మళ్ళీ ఎక్కిస్తున్నారు. ఆ సంగతి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళాను.

డ్రైవరుకి మందిచ్చింది నేనే అని చెప్పాను. ఆవిడ రాసుకుంటున్న పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఏ మందు బాబాయ్? మీ బడి పైకప్పు మీద కాసిందా?"

ఎరుపూ తెలుపూ మాత్రలని, ఆరని, డబ్బాలో దాచానని చెప్పాను. అప్పుడు తల ఎత్తింది. కాని ఆ మొహంలో నమ్మకం లేదు, విసుగుంది. ప్రతి మాత్రా తను ఎదురుగా నిలబడి మింగించిందే కదా అంది. డబ్బా చూపించమంది. ఖాళీ డబ్బా తెచ్చాను. దాంట్లో గడ్డం సబ్బు వాసన తప్ప ఏముంది?

"శనివారం అడిగితే టీ తప్ప ఏమీ లేదన్నారు. ఇవాళ ఆరు మాత్రలంటున్నారు. ఈ రెండింట్లో కోత ఏది?" అంది. "నేను ఫోనులో చెప్పేదాన్ని పట్టుకుని అక్కడ మందు మారుస్తారు. మీరు బాధలో ఏదో అల్లేసి, అది నిజమనుకుని నేను చెబితే, ఆయన ప్రాణం మీదికి వస్తుంది. నవ్వులాట కాదు బాబాయ్."

ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? నేను ఒట్టు పెట్టాను. నేను పెట్టిన ఒట్లు ఆ హోములో ఎన్ని ఉన్నాయో ఆవిడకి తెలుసు.

నా దగ్గర మాత్రలు తీసుకున్నవాళ్ళ గదులకి వెళ్ళాను. వాకరు పట్టుకుని ఆ వరండాలో అంత వేగంగా నేను ఎప్పుడూ నడవలేదు. పంటి పోటుకి ఐదు మింగినాయన నా వైపు చూడకుండా, నీ చేతి మంచినీళ్ళు కూడా నేను ముట్టను పొమ్మన్నాడు. ఇంకొకావిడ చెవిటి యంత్రం తీసి పక్కన పెట్టేసింది. వాళ్ళని తప్పుపట్టలేను. తేలితే ఇంటికి ఫోను చేస్తారేమో, ఇక్కడి నుంచి పంపేస్తారేమో అని భయం. శనివారం నాకున్న భయమే.

ఆఖరికి లెక్కల టీచరమ్మ గది. నలభై ఏళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి వచ్చిందావిడ. నేను మూడు ఊళ్ళు దాటానంటే, మొత్తం ఎన్ని మైళ్ళు, గాలి వేగమెంత అని అడిగే రకం. చెప్పినంతా విని, తలుపు దగ్గరికి వేసి వెళ్ళండి అంది.

మళ్ళీ మందుల గది దగ్గరికి వచ్చి బెంచీ మీద కూలబడ్డాను. పది నిమిషాలకి వాకరు చప్పుడు వినిపించింది. టీచరమ్మ నన్ను చూడకుండా దాటుకుని లోపలికి వెళ్ళి, కళ్ళజోడు పెట్టెలోంచి ఒక కాగితం పొట్లం తీసి సిస్టరమ్మ ముందు పెట్టింది. పొట్లం మీద గుండ్రటి అక్షరాలతో తారీఖు రాసి ఉంది. లోపల రెండు మాత్రలు.

"దగ్గుకి నాలుగిచ్చారు," అంది. "రెండు వేసుకున్నాను, తగ్గింది. రెండు దాచుకున్నాను. ఈయన రోజూ అబద్ధమే చెబుతారు. ఇవాళ చెప్పడం లేదు. ఈ విషయంలో నేనూ దొంగనే, నా పేరు కూడా రాసుకోండి."

సిస్టరమ్మ ఒక మాత్ర తీసి వెలుగులో తిప్పి చూసింది. పైతొడుగు ముడతలు చూసింది. ఆ తర్వాత నా నోటి వైపు చూసింది. ఎన్నిసార్లు తెరిచి చూపించిన నోరో అది. ఫోను అందుకుంటూ, శనివారమే చెప్పి ఉంటే బాబాయ్ అని మొదలుపెట్టి, మిగతాది మింగేసింది.

మధ్యాహ్నానికల్లా అక్కడ మందు మార్చారు. నరంలోకి ఎక్కించే పెద్ద మందు. మర్నాటికి పరీక్ష వచ్చింది. నా ఎరుపూ తెలుపూ మాత్రే కాదు, దాని చుట్టాలు మరో మూడు మందులకి కూడా ఆ క్రిమి లొంగదని తేలింది. డాక్టరమ్మ వచ్చి నన్ను కూర్చోబెట్టి చెప్పింది. అరకొర మందుకి మెత్తని క్రిములు చస్తాయట, మొండివి మిగులుతాయట. ఖాళీ అయిన ఇంట్లో మొండివే కాపురం పెట్టి పిల్లల్ని కంటాయట. తగ్గింది కదా అని మనం ఆపేసిన రోజున వాటికి పండగ. అందుకే కోర్సు చెప్పినన్నాళ్ళూ వాడాలి, ఒకరికి రాసింది ఇంకొకరు మింగకూడదు అంది. అంతా మామూలు గొంతుతోనే చెప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

డ్రైవరు పద్దెనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఈలోగా మా అందరికీ పరీక్షలు చేశారు. నా కడుపులోనూ అదే క్రిమి ఉంది. నాకు జబ్బేమీ లేదు. అది నా లోపల హాయిగా కూర్చుంది. నా నుంచి అతనికి వెళ్ళిందా, అతని నుంచి నాకు వచ్చిందా అని అడిగాను. చెప్పలేం బాబాయ్ అంది సిస్టరమ్మ. అంతమాటతో ఆపింది జాలిపడే అనుకుంటాను. ఏళ్ళ తరబడి ఆ మందుని మూడేసి రోజులు మింగి వదిలేసింది ఎవరు? ఆ మగ్గు ముందు ముట్టుకునేది ఎవరు?

అదే క్రిమి ఉన్నవాళ్ళం కనక కొన్నాళ్ళు మా ఇద్దరినీ వరండా చివరి గదిలో ఉంచారు. లోపలికి వచ్చేవాళ్ళు గౌనూ గ్లోవ్సూ వేసుకుని వస్తారు, వెళ్ళేటప్పుడు విప్పి మూత డబ్బాలో వేస్తారు. మేం బయటికి వెళ్ళకూడదు. స్ట్రెచరు మీద అతన్ని తెచ్చి పక్క మంచం మీద పడుకోబెట్టినప్పుడు గుర్తుపట్టలేకపోయాను. బస్సంత మనిషి దుప్పటి కింద కనిపించడం లేదు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, ఇక ముందులా తిరగలేడని చెప్పారు.

కళ్ళు తెరిచి, ఏం బావా, నాకోసం గది కూడా మార్చావా అన్నాడు.

రెండు రోజులు ఆ బావా అన్న మాట మోశాను. మూడో రోజు పొద్దున, అతని గడ్డం గీస్తూ చెప్పేశాను. మాత్రలు నువ్వడిగావు, నేనిచ్చాను, అది ఇద్దరిదీ. కాని శనివారం సిస్టరమ్మ అడిగినప్పుడు ఏమీ ఇవ్వలేదన్నాను. మిగిలినవి బాత్రూములో పారబోశాను. రెండు రోజులు పని చెయ్యని మందు నీ ఒంట్లోకి ఎక్కుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. అది నాదొక్కడిదే.

ఒక చెంప సబ్బు నురగతో అలాగే ఉంది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఇక్కడి నుంచి పంపేస్తారని."

"ఎక్కడికి పంపుతారు నిన్ను?"

"అదే కదా భయం," అన్నాను.

మిగతా గడ్డం వద్దన్నాడు. గోడ వైపు తిరిగిపోయాడు. ఆ రోజు, మర్నాడు, మాట లేదు. సిస్టరమ్మని ఏదో అడుగుతున్నప్పుడు మాత్రం విన్నాను. శనివారం హోము వాళ్ళు చెల్లెలికి ఫోను చేసి, మీ అన్నయ్యని ఆసుపత్రిలో చేర్చాం, జ్వరమని చెబితే, ఆవిడ ఏమీ అనకుండా పెట్టేసిందట. అప్పటికే పొద్దుటి నుంచి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉందట. ఆ తర్వాత ఫోను చేస్తే ఎత్తడం లేదు.

రెండో రోజు సాయంత్రం అతను ఫోను నా మంచం మీదికి విసిరాడు. విసిరేంత బలం లేదు. మధ్యలో పడితే నేను వంగి తీశాను.

"ఎందుకు రాలేదో మీరే చెప్పండి దానికి," అన్నాడు. నువ్వు పోయి మీరు వచ్చింది.

మూడోసారికి ఆవిడ ఎత్తింది. ఫోనుని అందరికీ వినిపించేలా పెట్టడం నాకు రాదు, అందుకని చెవికి ఆనించుకుని, ఆవిడ మాటలు నేనొక్కణ్ణే విన్నాను. అమ్మా, మీ అన్నయ్య గదిలో ఉండే మనిషిని అని మొదలుపెట్టాను. అన్నయ్య పేరెత్తగానే ఆవిడ అందుకుంది. పదకొండేళ్ళ కిందట మా ఆయన పోయినప్పుడూ జ్వరమనే చెప్పించాడండీ, ఇలాగే ఎవరో మనిషి చేతనే అంది.

కాదమ్మా, వినండి అని, ఆ సోమవారం పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పాను. ఒంటికి వెళ్తే మంట, వ్యాను ఎక్కనివ్వరన్న భయం, ఆరు మాత్రలు, నా డబ్బా, నా అబద్ధం, అన్నీ. ఒక్క ముక్క కలపలేదు, ఒక్కటి తీసెయ్యలేదు. చెబుతుంటే నాకే రుచీ పచీ లేని మాటల్లా వినిపించాయి. డ్రైవరు గోడ వైపే తిరిగి ఉన్నాడు. వీపు కదలడం లేదు, వింటున్నాడు.

ఆవిడ చివరిదాకా అడ్డు రాలేదు. తర్వాత, ఇదంతా నాకెందుకు చెబుతున్నారు, మీకే కదా మాట వచ్చేది అంది.

"ఆయన రాలేకపోవడానికి కారణం నేను కనక, అమ్మా."

ఫోను వాడికివ్వండి అంది.

ఫోను అతని చేతికిచ్చాను. వరండాలోకి వెళ్ళకూడదు కనక బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పల్చటి తలుపు. వినకూడదనే అనుకున్నాను. చాలాసేపు అతను ఊఁ, ఊఁ అంటూనే ఉన్నాడు. ఆఖరికి గొంతు సవరించుకుని, పెద్దగా, డ్రైవరు గొంతుతో అన్నాడు.

"ఇప్పుడు నిజంగా జ్వరమేనమ్మా. అప్పుడు కాదు. అప్పుడు నాకే జబ్బూ లేదు, పంతానికే రాలేదు నేను."

అవతల ఆవిడ ఏమందో నాకు తెలియదు. అతను మాట్లాడడం ఆపేదాకా గొళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడ్డాను.